పదిహేడో కొక్కెం

భూతద్దానికి ఆవిరి పట్టడమన్నది ఆ కొట్లో ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఎరగరు. అందుకే వెనక బల్ల దగ్గర్నుంచి "ఏవండీ, ఈ అద్దం మసకేసింది, ఇంకోటి ఇలా ఇవ్వండి" అన్న మాట మొదటిసారి వినబడినప్పుడు, ముందు బల్ల దగ్గర కూర్చున్న మొగుడు తలెత్తకుండానే "తుడుచుకోవే" అన్నాడు.

తుడుచుకుంది. కంటికి బిగించుకుంది. మళ్ళీ మసకేసింది.

గడియారాల కొట్టు అది. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు, రెండు గోడల మధ్య సందుకి తలుపు బిగించినట్టుంటుంది. పైన రెండు గదుల ఇల్లు, మధ్యలో నిచ్చెన లాంటి మెట్లు. ముందు బల్ల అతనిది. బ్యాటరీలు మార్చడం, పట్టీలు వెయ్యడం, వచ్చినవాళ్ళతో వాదనేసుకోవడం అతని పని. కిటికీ పక్కనున్న వెనక బల్ల ఆమెది. కీ ఇచ్చే పాత వాచీలు, వెంట్రుకంత స్ప్రింగులు, గసగసాలంత మరలు, అన్నీ ఆమె చేతి మీదుగానే పోవాలి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఆ పని తెలిసిన చెయ్యి అదొక్కటే మిగిలింది.

కొట్టు ఆమె తండ్రిది. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారితో పడక బడి మానేసి అతను ఇక్కడ పనికి కుదిరాడు. మేస్త్రి అయిన ఆమె తండ్రే అతనికి చేయి పట్టుకుని నేర్పాడు. కూతురికి ఎవరూ నేర్పలేదు, పక్కన కూర్చుని చూసింది, అంతే. "మా తమ్ముడు పని కోసం వెళ్ళి పిల్లని తెచ్చుకున్నాడు, పని మాత్రం ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది" అని అతని అక్క ఇప్పటికీ నలుగురిలో అంటుంది. నిజం కాబట్టి అతనికి మంట. మనసు బాగున్నప్పుడు పెళ్ళాన్ని "మేస్త్రీ" అంటాడు. బాగుండని రోజులే ఎక్కువ. జేబులో ఫోను పెట్టుకు తిరిగే ప్రతివాడూ తన నోటి దగ్గర కూడు లాక్కున్నవాడిలాగే కనబడతాడు అతనికి.

మామగారు కొట్టుకి రెండు కట్టుబాట్లు వదిలిపోయాడు. వెనక బల్ల దగ్గర ఫ్యాను ఉండకూడదన్నది ఒకటి. గాలికి ఒక్క స్ప్రింగు ఎగిరిందంటే నేలంతా దువ్వెనతో దువ్వినా దొరకదు. రెండోది కొక్కేల పలక. గోడకి ఇరవై కొక్కేలున్న చెక్క పలక ఉంటుంది. ఏ వాచీ అయినా నడుస్తున్నంతసేపూ విప్పకూడదు. ముందు దాన్ని కొక్కేనికి తగిలించాలి. ఏడు రోజులపాటు రోజూ పొద్దున్న పదింటికి ఎంత ముందుందో ఎంత వెనకుందో చీటీ మీద రాసుకోవాలి. ఆ తర్వాతే విప్పాలో వద్దో తేల్చుకోవాలి. బాగుచేశాక కూడా అంతే, మళ్ళీ ఏడు రోజులు. అంతా సరిగా ఉంటే చీటీ అడుగున "అప్పగించవచ్చు" అని రాస్తారు.

భూతద్దం మసకెయ్యడం నెలకోసారి, వారానికోసారి, చివరికి రోజుకి నాలుగైదుసార్లయింది. అతను కొత్త భూతద్దం తెప్పించాడు. దీపం వేడి అనుకుని దీపం మార్చాడు. ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయని ఆయన మూడుసార్లూ చెప్పాడు. "చదువుకున్న గాడిద" అని మూడుసార్లూ బయటికొచ్చి ఇతనన్నాడు. కంటి మీద పెట్టుకునే వస్తువు మసకేస్తే తప్పు కంటిదో వస్తువుదో అయ్యుండాలి. గడియారాలవాడి బుర్ర అంతవరకే పోయింది.

"ఒక చిన్న ఫ్యాను పెట్టించండి" అందామె ఒకరోజు. మెడ వెనక జాకెట్టు తడిసి ముద్దయి ఉంది. బయట వాన పడుతోంది.

"ఫ్యానా! ఇక్కడా! మీ నాన్న ఫోటోలోంచి దిగొచ్చి చెంప పగలగొడతాడు."

"నా చెంపేగా. పగలనివ్వండి."

"వానలో చెమటలేమిటే నీకు, వింతగా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పట్టకారు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏదో పోయేదాకా ఆగేదానిలా కూర్చుంది. అయిదు నిమిషాలకి మళ్ళీ పట్టకారు తీసుకుంది. అతనది చూశాడు. చూసి, పట్టీల పెట్టె సర్దుకున్నాడు.

అతని అక్క పక్కవీధిలోనే ఉంటుంది. మధ్యాహ్నాలు వచ్చి వెనక బల్ల పక్కన పీట వేసుకుంటుంది. ఆడవాళ్ళిద్దరూ గొంతు తగ్గించుకుని మాట్లాడుకుంటే ముందు బల్లకి సగం వినబడుతుంది, సగం వినబడదు.

"ఈసారి పదకొండు రోజులు, వదినా. మధ్యలో రెండు రోజులు మరీ..."

"అందరం పడ్డవాళ్ళమేనమ్మా. ఆడదానివై పుట్టాక తప్పుతుందా? ఆగిపోయేముందు అలాగే ఆడిస్తుంది. నేను నాలుగేళ్ళు పడ్డాను, ఎవడికైనా చెప్పానా?"

"నిద్ర కూడా..."

"నిద్రదేముంది, పోయాక ఎటూ నిద్రే."

ఆ సగం మాటలు చెవినపడగానే అతను గోడ గడియారం ఒకటి దించుకుని దుమ్ము దులపడం మొదలెట్టాడు. ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళది. అందులో వేలు పెట్టకపోవడమే మర్యాదని అతని లెక్క. మర్యాదా, పిరికితనమా అని అడిగేవాళ్ళు ఎవరూ లేరక్కడ.

గొడవ హెడ్‌మిస్ట్రెస్‌తో బయటపడింది. బళ్ళో పరీక్షలున్నాయి, వాచీ ఇవాళే కావాలని ఆమె పట్టుబడితే, ఏడు రోజుల కట్టుబాటు పక్కన పెట్టి సాయంత్రానికే ఇచ్చేశాడు ఇతను. మూడోరోజున ఆమె కొట్టు మెట్టెక్కి, చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టింది.

"ఏమయ్యా, దీన్ని నమ్ముకుని పన్నెండు నిమిషాలు ముందుగా బెల్లు కొట్టించాను. పిల్లలు దండం పెట్టారు. టీచర్లయితే కాళ్ళ మీద పడబోయారు. అందులో రేసుగుర్రాన్నేమన్నా పెట్టారా?"

వెనక బల్ల మీద వాచీ విప్పి చూసిన పెళ్ళాం మొహం తెల్లబోయింది. దీన్ని బాగుచేసిన రోజే, అదే రకం వాచీ ఇంకోటి విప్పింది తను. లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఒకదానిది ఇంకోదానిలో పెట్టింది. ఒక వాచీ పరుగెడుతోంది, ఇంకోటి పాకుతోంది. రెండు గాజు గిన్నెల్లో విడివిడిగా, పేర్లు రాసి, మూతలు పెట్టి ఉంచిన సామాను! పన్నెండేళ్ళప్పుడు కూడా చెయ్యని తప్పు.

హెడ్‌మిస్ట్రెస్ వెళ్ళాక ఆమె భూతద్దం కంటి నుంచి తీసి, దాని పెట్టెలో పెట్టి, మూత వేసింది.

"చేతిలో ఉన్నవి పూర్తి చేస్తాను. ఈ నెలాఖరుకి ఇంక కూర్చోను" అంది.

"ఒక్క చక్రం తారుమారైతే కొట్టు మూసేస్తారటే?"

"ఒక్క చక్రం కాదు. మొన్న ఎదురింటావిడ పేరు గుర్తురాలేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాను, రెండుసార్లు. నాన్నకి కూడా ఇలాగే మొదలైంది కదా."

మామగారి ఆఖరి రెండేళ్ళూ ఇద్దరికీ గుర్తే. చేతిలో పట్టకారు పట్టుకుని "ఇదేమిటమ్మా?" అని కూతుర్ని అడిగిన మనిషి. చివరి ఏడాది కూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. అప్పుడామె వయసు ఇరవై ఆరు. ఇప్పుడు నలభై ఏడు.

బేరం పోతుందని అతనికి దిగులుండాలి. ఉందనే చెప్పుకున్నాడు. కానీ అసలు దిగులు అది కాదని అతనికి తెలుసు. వెనక బల్ల ఖాళీగా ఉన్న కొట్టుని అతను తలుచుకోలేకపోయాడు. తన మొహం చూసి ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసే పెళ్ళాన్ని అసలు తలుచుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున్న పదయినా ఆమె కిందికి రాలేదు. ఒంట్లో బాగాలేదు, కాసేపు పడుకుంటానంది. పదింటి రాత ఆగకూడదు కాబట్టి, ఎన్నేళ్ళకో అతను పెన్సిలు చెవిన పెట్టుకుని కొక్కేల పలక ముందు నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు. ఒక్కో వాచీ చూసి చీటీ మీద ముందో వెనకో రాసుకుంటూ పోయాడు. పదిహేడో కొక్కెం పలక కింది మూలన ఉంటుంది. వదులుగా ఊగుతుందని దాన్నెప్పుడూ వాడరు. ఇవాళ దానికి చీటీ వేలాడుతోంది. ఒకటి కాదు, దారంతో కుట్టిన చీటీల కట్ట. వాచీ మాత్రం లేదు. సొరుగులో పెట్టిందేమో అనుకుని చీటీ విప్పాడు.

పేరు లేదు, రకం లేదు. పైన ఒక వరస అంకెలు: 28. 24. 31. 35. 41, ఆలస్యం. 19, తొందర. 33. 16. దాని కింద రోజువారీ రాత, ఎనిమిది నెలలది, ఒక్క రోజూ తప్పకుండా. "వేడెక్కింది, నాలుగుసార్లు." "మూడింటికి ఆగింది, తెల్లారేదాకా మళ్ళీ కదల్లేదు." "కొట్టుకోవడం ఎక్కువైంది." "తడి." పక్కన నిలువు గీతలు. "తడి." ఇంకా గీతలు. "తడి, తొమ్మిదో రోజు." "తడి, పదకొండో రోజు."

అతని ఒళ్ళు మండిపోయింది. చదువు రాకపోతేనేం, ఈ భాష వచ్చు అతనికి. మొన్న చక్రం తారుమారు చేసిన మనిషి ఎవరిదో వాచీని ఎనిమిది నెలలుగా మూలన పడేసి ముంచేసిందన్నమాట!

మెట్ల మీద అలికిడైంది. ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది.

"ఎవరిదే ఈ పదిహేడు?" అని కేకేశాడు.

ఆమె నాలుగో మెట్టు మీద ఆగిపోయింది.

"నిన్నే! ఎనిమిది నెలల్నుంచి కొక్కేనికి తగిలించి చోద్యం చూస్తున్నావా? మీ నాన్న ఏడు రోజులన్నాడు గానీ ఏడు నెలలనలేదే! ఒకసారి నలభై ఒకటి, ఒకసారి పంతొమ్మిది, ఒకసారి పదహారు! వేడికి పరుగెడుతోంది, మూడింటికి చస్తోంది. పైగా తడి! లోపల తడి చేరిన వాచీని ఒక్క పూట ఉంచుతామా మనం? వచ్చిన ఘడియలోనే విప్పమా? మనకి చేతకాకపోతే తెలిసినవాడి చేతిలో పెట్టమా? ఇంకా దీన్ని చూసేదేముందే? ఇంకేం కనబడాలి నీకు?"

"వాచీ లేదండీ" అంది.

"లేకపోవడమేమిటి! పోగొట్టావా?"

"అది వాచీ చీటీ కాదు. రాసింది నేనే. రాసింది నా గురించే."

పెన్సిలు చెవి మీంచి జారి కింద పడింది. మళ్ళీ చీటీ వైపు చూశాడు. అవే అంకెలు, అవే మాటలు. ఈసారి ఒక్కోటీ ఒక్కో రోజై, ఒక్కో రాత్రై కనబడింది. పక్కన పడుకున్న మనిషి మూడింటికి లేచి తెల్లారేదాకా కళ్ళు తెరుచుకుని ఉన్న రాత్రులు. అప్పుడు తను గుర్రు పెడుతున్నాడు.

"ఈ గీతలేమిటి?" అన్నాడు.

"మార్చుకున్న ప్యాడ్లు. ఇవాళ పొద్దుట్నుంచి గంటకొకటి. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే అద్దం మార్చారు. దీపం మార్చారు." మెట్టు మీదే కూలబడింది. "అదొక్కటేనా? డాక్టరు దగ్గరికి వెళ్తే మతిమరుపు సంగతీ చెప్పాలి. నాన్నకొచ్చిందే నీకూ వచ్చిందంటే? విప్పితే ఏం బయటపడుతుందోనని... నడుస్తోందిగా, నడిచినన్నాళ్ళు నడవనిద్దామనుకున్నాను."

"దీన్ని నడవడమంటారటే?" అన్నాడు చీటీ ఊపుతూ. "ఇప్పుడే కదా నా నోటితో నేనే అన్నాను, వచ్చిన ఘడియలోనే విప్పాలని. వాచీకైతే ఒక లెక్క, నీకైతే ఇంకో లెక్కా? లే. చెప్పులేసుకో. కాదు, నేనేస్తాను. నువ్వు కదలకు."

మొగుడు చెప్పులు తొడగడమనేది భూతద్దానికి ఆవిరి పట్టడం కన్నా వింత. అంత నీరసంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. "ఎడమది కుడికాలికి వేస్తున్నారు" అంది. "మొన్న నేను చేసిన తప్పు కూడా ఇలాంటిదే."

ఆడవాళ్ళ డాక్టరు ఉండే ఆసుపత్రి హాల్లో ముప్పై మంది ఆడవాళ్ళ మధ్య ఇతనొక్కడే మగాడు. నర్సు ముందు ఆమెని చూసింది, చీటీలో గీతలు చూసింది, వరసలో ఉన్నవాళ్ళని దాటించి లోపల పడుకోబెట్టి రక్తం తీసుకుంది. స్కానింగుకి తీసుకెళ్ళింది. అతను ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని, చూపులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గోడ వైపు చూశాడు. గోడ మీద గడియారం. ఏడు నిమిషాలు వెనక.

కాసేపు ఓర్చుకున్నాడు. ఇన్ని ప్రాణాలు చూసుకునే చోట ఇదేం గడియారం అనుకున్నాడు. ఇంకాసేపు ఓర్చుకున్నాడు. చివరికి సంచీ భుజాన తగిలించుకుని బెంచీ ఎక్కాడు. గడియారం చేతికందిందో లేదో, ఆయా గొంతు హాలంతా మోగింది.

"ఓ పెద్దాయనా! దిగు! పడితే ఇక్కడ మగాళ్ళకి కట్టు కట్టరు!"

ముప్పై మందీ నవ్వారు. సరిగ్గా అప్పుడే నర్సు తలుపు తీసి "పేషెంటు తాలూకు ఎవరు?" అంది. బెంచీ మీంచే చెయ్యెత్తాడు.

డాక్టరు అరవై దాటిన మనిషి. గొంతులో మెత్తదనం లేదు గానీ చేతుల్లో తొందర కూడా లేదు. బల్ల మీద పదిహేడో కొక్కెం చీటీలు పరుచుకుని ఉంది. డాక్టరుకి ఎదురుగా పెళ్ళాం కూర్చుంది, చేతికి దూది అంటించుకుని.

"అన్నీ ఇందులోనే ఉన్నాయి" అంది డాక్టరు. "సగంమంది ఎప్పటినుంచని అడిగితే 'ఏమో' అంటారు. ఇది నెలసరి పూర్తిగా ఆగిపోయే ముందొచ్చే దశ. ఈ పైన అంకెల్లా నెలసరికీ నెలసరికీ మధ్య రోజుల లెక్క తప్పడం, ఒంట్లోంచి ఉన్నట్టుండి సెగ రావడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, దడ, అన్నీ అందులోవే. మీరు గడియారాలవాళ్ళా? ఒక పని చేస్తాను చూడండి."

ఎర్ర పెన్ను తీసి, మూడో నెల చీటీ మీద అడ్డంగా ఒక గీత గీసింది.

"మీరు రావలసిన రోజు ఇది. ఈ రోజు గంటకో ప్యాడ్ మార్చారు. గంటకో, రెండు గంటలకో మార్చాల్సొస్తే, వారం దాటి ఆగకపోతే, మధ్యలో మళ్ళీ కనబడితే, అది చూస్తూ కూర్చునేది కాదు. అయిదు నెలలు ఆలస్యం. రక్తం పన్నెండు ఉండాల్సిన చోట ఏడున్నర ఉంది. ఎలా నడుస్తున్నారసలు?"

"అందరికీ వచ్చేదేనని మా వదిన..." అని నసిగిందామె.

"అందరికీ వచ్చేదే. పళ్ళూడటమూ అందరికీ వచ్చేదే. నొప్పి పుడితే పంటి డాక్టరు దగ్గరికి పోవట్లేదా? అసలు రక్తం సంగతి అటుంచండి. చెమటల వల్ల పని చెడుతోందనిపించినా చాలు, రావచ్చు. చచ్చేంత జబ్బు చేస్తేనే రావాలని రూలేం లేదు."

ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. అతనికి తెలిసింది, అసలు ప్రశ్న ఇంకా గొంతులోనే ఉందని. తనే అడిగేశాడు.

"మతిమరుపండీ, డాక్టరుగారూ. వాళ్ళ నాన్నకి ఉండేది. మనుషుల్ని కూడా మర్చిపోయాడు. ఈవిడకీ పేర్లు గుర్తురావట్లేదు, సామాను తారుమారవుతోంది. దానికే భయపడి రాలేదు."

డాక్టరు కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసింది. తర్వాత చీటీల కట్ట చేతిలోకి తీసుకుని మొదటినుంచి చివరిదాకా బొటనవేలితో పేకలా జార్చింది.

"రెండొందల నలభై రోజులు. ఒక్క రోజు ఖాళీ ఉందా ఇందులో?"

"లేదండీ."

"ఎవరైనా గుర్తుచేశారా?"

"అసలెవరికీ తెలీదండీ."

"మతిపోతున్న మనిషి రోజూ పదింటికి, ఎవరూ చెప్పకుండా, ఎనిమిది నెలలు ఇలా రాయగలదటమ్మా? మీ నాన్న రాయగలిగాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నిద్ర లేదు, రక్తం లేదు, ఒంట్లో పొయ్యి వెలుగుతోంది. ఏ బుర్ర పనిచేస్తుంది? ముందు ఇవి సరిచేద్దాం. మూడు నెలలయ్యాక కూడా పేర్లు గుర్తురాకపోతే అప్పుడు రండి, దానికి వేరే డాక్టరున్నారు, చూపిద్దాం. నాకైతే ఆ అవసరం వస్తుందనిపించట్లేదు."

గర్భసంచి లోపలి పొర కాస్త మందంగా ఉందని, వయసు నలభై అయిదు దాటింది కాబట్టి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతున్నానని, వారంలో తెలుస్తుందని చెప్పింది. రక్తం ఆగడానికి మాత్రలూ, పెరగడానికి మాత్రలూ రాసింది. ముక్క ఎందుకు తీస్తారో అతను అడగలేదు. అడక్కుండానే తెలిసింది.

ఆ వారం అతను కొట్లో ఎవరితోనూ వాదించలేదు. అదేదో జబ్బనుకుని ఇద్దరు పాత గిరాకీలు పరామర్శించారు కూడా. రోజూ పదింటికి పదిహేడో చీటీ ముందు నిలబడి మెట్ల వైపు తిరిగి అడిగేవాడు.

"తడి?"

"తగ్గింది. రెండు గీతలు."

"వేడి?"

"ఉంది. ఆరుసార్లు."

"మూడింటికి ఆగడం?"

"నిన్న మీ గుర్రుకి రెండింటికే ఆగింది."

మిగిలిన వేళల్లో చెక్క కోసుకుంటూ కూర్చున్నాడు. వెనక బల్ల కింద, మోకాళ్ళ దగ్గర పట్టేలా ఒక పెట్టె. అందులో చిన్న ఫ్యాను. గాలి కాళ్ళకీ పొట్టకీ తగలాలి, బల్ల మీదికి పిసరు కూడా రాకూడదు. పెట్టెకి చుట్టూ గుడ్డ కుచ్చిళ్ళు కట్టి, బల్ల మీద స్ప్రింగు ఒకటి పెట్టి ఊపిరి బిగబట్టి చూశాడు. స్ప్రింగు కదిలింది. విప్పి మళ్ళీ కట్టాడు. నాలుగోసారికి కదల్లేదు.

అక్క వచ్చి నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "దీనికింత హడావిడా! మేమంతా పడలేదట్రా? మాకెవరు కట్టారు ఫ్యాన్లు?"

"నువ్వు పడ్డావు, సరే. పడటం గొప్పా అక్కా?" అన్నాడతను మేకు కొడుతూ. "డాక్టరు దగ్గరికి పోతే తీరేదానికి నాలుగేళ్ళు ఎందుకు పడ్డావు?"

అక్క పీట మీద కూర్చుంది.

"నన్నెవరు తీసుకెళ్తామన్నార్రా?" అంది.

మేకు సగంలో ఆగిపోయింది. అతను అక్క వైపు చూడలేకపోయాడు. నిచ్చెన మెట్ల మీంచి పెళ్ళాం గొంతు వినబడింది, "వదినా, పైకి రండి, టీ పెట్టాను" అని. అక్క లేచి, పోతూపోతూ తమ్ముడి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది, గట్టిగా కాదు.

ఎనిమిదో రోజున డాక్టరు కాగితం చూసి, తలెత్తి, "ఏం లేదు. శుభ్రంగా ఉంది" అంది.

అతను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. ఆ రెండు మాటలూ ఇంకోసారి చెప్పించుకున్నాడు. చెవుడనుకుందో ఏమో, డాక్టరు రెండోసారి గట్టిగా చెప్పింది. వారంగా పళ్ళు బిగించుకుని ఉన్నట్టున్నాడు, దవడ వదులయ్యేసరికి నొప్పి తెలిసింది. పక్కన పెళ్ళాం వొంగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు మొహం దాచుకుంది. సెగలకి మందు రాసింది డాక్టరు. ఎవరికి పడుతుందో ఎవరికి పడదో చూడాలని రక్తపోటు, వంశంలో జబ్బులు, అన్నీ అడిగి మరీ రాసింది. "మూడు నెలలు వాడి రండి. ఈలోగా మళ్ళీ అలా పొంగినా, పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక ఎప్పుడైనా చుక్క కనబడినా, కొక్కేనికి తగిలించకండి. వచ్చెయ్యండి" అంది. బయటికొస్తుంటే ఇతన్ని ఆపి, "పెద్దాయనా, ఆ గోడ గడియారం సంగతి చూడండి. ఆయాకి చెప్పాను" అంది.

బెంచీ ఎక్కి ఏడు నిమిషాలు ముందుకి తిప్పాడు. ఆయా కింద నిలబడి బెంచీ పట్టుకుంది. మూతి మాత్రం ముడుచుకునే ఉంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. భూతద్దం పెట్టెలోంచి మళ్ళీ బయటికొచ్చింది. దాని గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. ఆమె మొదట పూటకి ఒక్క వాచీ, తర్వాత రెండు. హెడ్‌మిస్ట్రెస్ వాచీలో ఎవరి చక్రం వాళ్ళకి చేరింది. ఈసారి మాత్రం ఏడు రోజులూ కొక్కేనికి ఉంచి గానీ ఇవ్వలేదు. హెడ్‌మిస్ట్రెస్ తీసుకెళ్తూ "ఆ రేసుగుర్రాన్ని ఇచ్చేస్తారా? మా టీచర్లు అడుగుతున్నారు" అంది. ఆమె వెళ్ళాక వెనక బల్ల దగ్గర్నుంచి "ఎదురింటావిడ పేరు నిన్న దానంతటదే నోట్లోకొచ్చింది" అన్న మాట వినబడింది. పెద్ద విశేషమేం కాదన్నట్టు చెప్పింది. అతనూ పెద్ద విశేషమేం కాదన్నట్టు విని, బయటికెళ్ళి వీధిలో రెండు నిమిషాలు నిలబడి వచ్చాడు.

మూడో నెల ఆఖర్న ఒక పొద్దున్న పదింటికి పదిహేడో చీటీ చూశాడు. వారంగా వేడి ఒకటీ రెండుసార్లే. తడి నాలుగు రోజులు, గీతలు మామూలే. మూడింటికి ఆగడం పది రోజులుగా లేదు. రక్తం పదకొండుకొచ్చిందని నిన్ననే ఆసుపత్రి చీటీ. ఏడు రోజుల అంకెల మీద వేలు పెట్టుకుని రెండుసార్లు సరిచూశాడు. తర్వాత ఆ కొట్టు అలవాటు కొద్దీ, చీటీ అడుగున పెన్సిలుతో రాసేశాడు: "అప్పగించవచ్చు."

ఆమె మెడ సాచి చూసింది. కంటికి భూతద్దం అలాగే ఉంది, నిర్మలంగా.

"ఎవరికి అప్పగిస్తారట నన్ను? తీసుకునేవాళ్ళెవరైనా దొరికారా?"

అతను చీటీ వైపు చూసి, తల గోక్కుని, రాసింది కొట్టేశాడు. ఏం రాయాలో తోచక పెన్సిలు నాలికతో తడిచేసుకున్నాడు.

"అది తర్వాత రాద్దురుగానీ, ముందు ఈ బల్లకింది ఫ్యాను ఆపండి" అంది, వాచీ మీదికి వొంగుతూ. "చలేస్తోంది."

"చలా! నాలుగుసార్లు విప్పి కట్టాను దాన్ని! ఇప్పుడు చలట!" అని గొణుక్కుంటూ బల్ల కిందికి దూరాడు. అక్కడే, ఎవరికీ కనబడని చోట, చాలాసేపు మీట కోసం వెతుకుతున్నట్టే ఉండిపోయాడు.